రుద్రమ్మ అడిగిన మూడో ప్రశ్న

అమీర్‌పేటలో ఎవరికైనా అడ్రసు చెప్పాలంటే ఏదో ఒక ఇన్‌స్టిట్యూట్ పేరు చెప్పాలి. ఆ ఇన్‌స్టిట్యూట్లు ఆరు నెలలకోసారి బోర్డు మారుస్తాయి కాబట్టి మనం చెప్పిన అడ్రసు కూడా ఆరు నెలలకే పాతబడుతుంది. మా సందుకు మాత్రం ఆ బాధ లేదు. మెట్రో దిగి, మైత్రీవనం దాటి, గట్టింగ్ రుద్రమ్మ కొట్టెక్కడ అంటే టీ కొట్టతను చెయ్యి చూపిస్తాడు. దానికి ఎదురుగా ఉన్న జిరాక్స్ షాపు నాది. నా పేరు విజయరత్నం. తెనాలి నుంచి వచ్చి ముప్పై ఏళ్ళయినా నా మాట మారలేదని రుద్రమ్మ ఇప్పటికీ వెక్కిరిస్తుంది. నేనామెను గారు అనకుండా పిలవలేను, ఆమె నన్ను సారు అనకుండా తిట్టలేదు.

ఇది ఆమె సంగతి. ఇందులో నేను చేసిన పిరికి పని కూడా ఒకటుంది. అదీ చెప్తాను. మొన్న చర్చిలో సాక్ష్యం చెప్పమంటే ఇదే చెబుదామని లేచి, అందరి మొహాలూ చూసి మళ్ళీ కూర్చున్నాను. కాగితం మీద అయితే ఎవరి మొహమూ చూడక్కర్లేదు.

రుద్రమ్మకు అరవై రెండేళ్ళు. మోకాళ్ళు పట్టేస్తాయి గానీ వేళ్ళు మాత్రం ఇరవై ఏళ్ళ పిల్లవి. భర్త విజయేందర్ షటిల్ రాకెట్లకు గట్టింగ్ చేసేవాడు, అంటే తెగిన తీగలు తీసి కొత్తవి అల్లి బిగించేవాడు. ఆయన పోయాక చుట్టాలంతా ఆడమనిషికి ఈ కొట్టెందుకు, మూసేసి ఇంట్లో కూర్చోమన్నారు. దినాలు అయిపోయిన మర్నాడే ఆమె షట్టర్ ఎత్తింది. చెప్పడానికి వచ్చిన మరిదికి స్టూలు వేసి, టీ తెప్పించి, పాత గట్టింగ్ కోసే పని అప్పజెప్పింది. సాయంత్రం దాకా కోసి వెళ్ళాడు, మళ్ళీ రాలేదు.

విల్లుల పని తర్వాత వచ్చింది. ఎస్.ఆర్. నగర్ హాస్టల్లో ఉండి ఉద్యోగం వెతుక్కునే నవీన అనే అమ్మాయి ఆర్చరీ కూడా నేర్చుకునేది. నారి తెగిన విల్లు పట్టుకొచ్చి, ఇది రాకెట్ కాదు గానీ ఏమైనా చేయగలరా అని అడిగింది. రుద్రమ్మ ఆ తెగిన నారిని వేళ్ళ మధ్య విప్పి, పోగులు లెక్కపెట్టి, రేపు రమ్మంది. సనత్‌నగర్‌లో తెలిసిన వర్క్‌షాపుకు వెళ్ళి నారి పేనడానికి ఇనప చట్రం చేయించుకొచ్చింది. దారం పోగులు వరుసగా చుట్టి, మైనం పట్టించి, పురి పెట్టి మర్నాటికి నారి సిద్ధం చేసింది. నేను నోరు తెరుచుకుని చూశాను. రుద్రమ్మ నాన్న కనకయ్య అడవి అంచున వేట మీద బతికిన మనిషని నాకు తెలిసింది అప్పుడే.

అప్పటినుంచి విల్లు కొనాలనుకునే పిల్లలు ముందు ఆమె దగ్గరికి వస్తారు. ఎవరికి ఎంత బరువు విల్లు, అంటే ఎంత బలం పెట్టి లాగాల్సిన విల్లు సరిపోతుందో చెప్పడానికి ఆమెది ఒకటే పరీక్ష. పాత విల్లు ఒకటి చేతికిచ్చి పూర్తిగా లాగి పట్టుకోమంటుంది. అలా పట్టుకునే పేరు చెప్పాలి, నాన్న పేరు చెప్పాలి, ఉండే చోటు అడ్రసు చెప్పాలి. గొంతు వణికిందంటే ఆ విల్లు ఎక్కువ బరువు. నవీన గొప్పకు పోయి పెద్ద విల్లు అడిగినప్పుడు హాస్టల్ పేరు దాకా బాగానే చెప్పి రూమ్ నంబరు దగ్గర వణికింది. నీ రూమ్ నంబరు నీకే యాదికొస్తలేదు, గీ విల్లు నీకెందుకు బిడ్డా అని దాన్ని లాక్కుని చిన్నది ఇచ్చింది.

ఇక చక్రపాణి గారి దగ్గరికి వద్దాం. రుద్రమ్మ కొట్టున్న బిల్డింగు ఆయనది. పంజాగుట్టలో ఇల్లు, మా సందు వ్యాపారుల సంఘానికి ప్రెసిడెంటు, ఈ మధ్యనే వికారాబాద్ అవతల అడవి పక్కన ఒక ఫామ్‌హౌస్ కొన్నారు. నా షాపు ఓనరు వేరే ఆయన కాబట్టి నాకు చక్రపాణి గారితో నేరుగా పని లేదు. అయినా ఎదురుపడితే నా చేతులు వాటంతటవే నమస్కారం పెట్టేవి. రుద్రమ్మ మాత్రం ఆయన్ని లాగు తొడుక్కున్న నాటి నుంచి చూసింది కాబట్టి బిడ్డా అనే పిలిచేది.

దసరాకు రెండు వారాల ముందు ఆయన ఆమె కొట్లో స్టూలు మీద కూర్చుని ఫోన్ తీశారు. అందులో మూడు క్రాస్‌బోల ఫోటోలు. తుపాకీ మీద విల్లును అడ్డంగా బిగించినట్టుంటుంది ఆ వస్తువు. నారిని వెనక్కి లాగి తగిలిస్తే ఒక కొక్కెం పట్టుకుంటుంది, ట్రిగ్గర్ నొక్కితే బాణం పోతుంది. దసరా మర్నాడు స్నేహితులను ఫామ్‌హౌస్‌కు పిలిచారట. అడవి పందిని కొట్టి అక్కడే వండిస్తారట. తుపాకీ అయితే చప్పుడవుతుంది, నలుగురికీ తెలుస్తుంది, కేసవుతుంది. దీనికి చప్పుడుండదు. ఎవరో మనిషి తెప్పించి ఇస్తానన్నాడు గానీ ఈ మూడింట్లో ఏది ఎంచుకోవాలో తెలియడం లేదు. విల్లు సంగతి రుద్రమ్మకన్నా తెలిసినవాళ్ళు చుట్టుపక్కల లేరు. ఫ్రిజ్ కొనేవాడు ఎన్ని లీటర్లది మంచిదని అడిగినట్టు అడిగారు. అడిగి, దసరాతో నీ కొట్టు అగ్రిమెంటు అయిపోతున్నది కదా అని కూడా గుర్తుచేశారు.

జిరాక్స్ షాపువాడికి ఎదురు కొట్లో మాటలు వినబడకపోతే ఆ రోజు గడవదు. నేను మెషీన్ ఆపి మరీ విన్నాను.

రుద్రమ్మ కళ్ళద్దాలు తుడుచుకుని మూడు ఫోటోలూ చూసింది. మొదటి ప్రశ్న, కొట్టేది పందినేనా అని. ఆయన నవ్వి, ఏది ముందొస్తే అది అన్నారు. రెండో ప్రశ్న, ఇంతకుముందు ఎన్నడన్నా బాణం వేసినవా అని. లేదట. దీనికి నేర్చుకోవడం అక్కర్లేదట, అందుకే ఇది కొంటున్నారట.

“దెబ్బ తిని ఉరికినంక దాన్ని ఎవరు దేవులాడుతరు?” అంది రుద్రమ్మ. దేవులాడడమంటే వాళ్ళ మాటలో వెతకడం.

“వాచ్‌మన్ ఉన్నడు కదక్కా. దొరికితే దొరుకుతది, లేకుంటె లేదు.”

ఆమె ఫోన్ తిరిగి ఆయన చేతిలో పెట్టింది. “నేను ఎంచ.”

ఆయనకు అర్థం కాలేదు. కొట్టేది నేను, నువ్వు వేలు పెట్టి చూపిస్తే చాలు అన్నారు. ఎంచి ఇచ్చినంక సగం నేను కొట్టినట్టే బిడ్డా అని ఆమె రాకెట్ చేతిలోకి తీసుకుంది. చక్రపాణి గారు కోప్పడలేదు. అగ్రిమెంటు సంగతి దసరా అయ్యాక మాట్లాడుకుందామని నవ్వుతూ లేచారు.

ఆయన కారు సందు దాటగానే నేను రోడ్డు దాటి వెళ్ళి ఆమె మీద విరుచుకుపడ్డాను. ఏంటండీ మీ మొండితనం, మూడింట్లో ఏదో ఒకటి చూపించి ఉంటే మీ సొమ్మేం పోయింది, ఈ వయసులో కొట్టు ఊడితే ఎక్కడికెళ్తారు అని చెడామడా అడిగాను. ఆమె అంతా విని, స్టూలు చూపించి, వాళ్ళ నాన్న సంగతి చెప్పింది.

అమ్రాబాద్ వైపు అడవి అంచున వాళ్ళ ఊరు. ఆమెకు పన్నెండేళ్ళప్పుడు రోడ్డు పని మీద వచ్చిన కాంట్రాక్టరు ఒకడు వేటకు పోవాలని సరదా పడ్డాడు. కనకయ్య అతని జబ్బలు పట్టి చూసి, ఎత్తు చూసి, ఇంట్లో ఉన్న నాలుగు విల్లుల్లోంచి ఒకటి ఎంచి ఇచ్చాడు. కాంట్రాక్టరు దుప్పిని కొట్టాడు. బాణం పొట్టలో దిగింది, దుప్పి పారిపోయింది. కొట్టినవాడు దాన్ని వెతికి పట్టుకునేదాకా అన్నం ముట్టకూడదనేది వాళ్ళ ఇళ్ళలో కట్టుబాటు. కాంట్రాక్టరుకు ఆకలేసింది, జీపెక్కి పోయాడు. ఆ కట్టుబాటులోనే ఇంకో మాట ఉంది. కొట్టినవాడు పోకపోతే విల్లు ఎంచి ఇచ్చినవాడు పోవాలి.

కనకయ్య కూతుర్ని వెంటబెట్టుకుని పోయాడు. రెండు రోజులు తిండి లేకుండా నెత్తుటి చుక్కలు చూసుకుంటూ తిరిగారు. మూడో రోజు పొద్దున వాగు ఒడ్డున కనిపించింది.

“పానం ఉన్నది సారూ ఇంక. కండ్లు తెరిచే ఉన్నది. మమ్ముల జూసి లేవనీకి సుత సూడలే,” అంది రుద్రమ్మ. “మా నాయిన దాని మెడ నిమురుకుంట పానం తీసిండు. ఇంటికొచ్చి నాలుగు విల్లులు పొయ్యిల పెట్టిండు.”

ఆ ఏడే వాళ్ళు హైదరాబాద్ వచ్చారు. కనకయ్య సనత్‌నగర్ ఫ్యాక్టరీల్లో బరువులు మోసి బతికాడు. ఆ దుప్పిని కాంట్రాక్టరు కొట్టాడని ఎవరైనా అంటే ఒప్పుకునేవాడు కాదట, నేనే కొట్టానని పోయేదాకా అనేవాడట.

మరి పిల్లలకు విల్లులు ఎంచి ఇస్తున్నారు కదా అని అడిగాను, లాయరులాగా. పిల్లలు కొట్టేది అట్టముక్కనని, అది ఎక్కడికీ ఉరకదని చెప్పింది. పైగా విల్లులో బరువు మనిషి మోస్తాడు, అందుకే గొంతు వణుకుతుంది, గురి కోసం ఆగుతాడు. ఈ క్రాస్‌బోలో బరువంతా కొక్కెం మోస్తుంది. మనిషి సిగరెట్టు తాగుతూ కూడా కొట్టొచ్చు. ఆ మాట అన్నప్పుడు ఆమె మొహం చూశాను. అసహ్యం అంటే ఎలా ఉంటుందో నాకు తెలిసింది. అయినా ఇంటికి పోతూ నేను ఆలోచించింది అగ్రిమెంటు గురించే. నా బుద్ధి అంతవరకే.

చక్రపాణి గారు మూడింట్లోకీ బరువైనది తెప్పించుకున్నారు. మహర్నవమి నాడు బిల్డింగు కింద పార్కింగులో ఆయుధ పూజ పెట్టి కొట్లవాళ్ళందరినీ పిలిచారు. ఆ పూట రుద్రమ్మ తన గట్టింగ్ మెషీన్ కడిగి బొట్టు పెట్టి, ఎప్పటిలాగే కుంకుమ గిన్నెతో నా జిరాక్స్ మెషీన్ మీదికి వచ్చింది. ఎప్పటిలాగే నేను అడ్డం నిలబడి, మా పాస్టరు గారు చూస్తే నా పని అయిపోతుందని చెప్పి పంపించాను. మేమిద్దరం ఏటా ఆడుకునే ఆట అది. తర్వాత కలిసే పార్కింగులోకి దిగాం.

క్రాస్‌బో అమ్మవారి పటం ముందుంది. పసుపు రాశారు, నారికి బంతిపూల దండ కట్టారు. ఠీవిగా కనిపించాలని ముందు రోజు సాయంత్రమే నారి లాగి కొక్కేనికి తగిలించి అలాగే ఉంచారట. రుద్రమ్మ మెట్ల దగ్గరే ఆగిపోయి, రాత్రంతా అట్లనే ఉన్నదా అని పక్కవాళ్ళను అడిగింది. అంతలో హారతి అయింది. చక్రపాణి గారు దాన్ని రెండు చేతులా ఎత్తి పట్టుకున్నారు. పూజలో బాణం వేస్తే అరిష్టమని ఎవరో చెప్పారట, ఉత్తగానే ట్రిగ్గర్ నొక్కబోయారు.

“ఉత్తగ ఇడువకు బిడ్డా,” అంది రుద్రమ్మ గట్టిగా.

అప్పటికే నొక్కేశారు. బాణం లేని నారి తన జోరంతా తనమీదే తీసుకుని ఫట్టున తెగింది. బంతిపూల రేకులు పైకప్పు దాకా లేచాయి. నారి కొస తగిలి ఆయన బొటనవేలు చీలింది. విల్లు ఎలాగో నిలిచింది. ఎవరూ నవ్వలేదు. నేను కూడా నవ్వలేదు, దానికి చాలా కష్టపడాల్సి వచ్చింది.

సాయంత్రం నాలుగింటికి వేలికి కట్టుతో ఆయన నా షాపుకు వచ్చారు. ఆయన అడిగింది ఒక అగ్రిమెంటు టైపు చేయమని. రుద్రమ్మ కొట్టు, ఐదేళ్ళు, అద్దె పెంచకుండా. నేను స్టాంపు పేపరు మీద ప్రింటు తీసి ఇస్తే అక్కడే సంతకం పెట్టారు. రత్నం సారూ, మీరు సుత రాండ్రి, మీ మాటైతే వింటది అన్నారు. వెళ్ళాను. నేను చేసిన పిరికి పని ఇదే.

ఆయన కాగితం, క్రాస్‌బో రెండూ ఆమె బల్ల మీద పెట్టారు. ఎల్లుండి పొద్దున ఫామ్‌హౌస్‌కు బయల్దేరాలి. పండుగకు అన్నీ మూసి ఉన్నాయి, ఈలోగా నారి పేనగలిగేది ఆమె ఒక్కతే. నిన్ను ఎంచమంటలేను అక్కా, ఎంచుడు నేనే ఎంచుకున్న, నువ్వు నారి పేనితే చాలు అని మెత్తగా చెప్పారు. తెలివైన మాట. దానికి నేను తోక తగిలించాను. రాకెట్‌కు గట్టింగ్ అనుకోండి రుద్రమ్మ గారు, అంతకన్నా ఏముంది, ఐదేళ్ళండీ అన్నాను.

ఆమె నావైపు చూసింది. తిట్టి ఉంటే బాగుండేది. సరే, పెట్టి పోండ్రి అని మాత్రం అంది.

ఒప్పుకుందనే అనుకున్నాం. ఇంటికెళ్ళి మా ఆవిడ జ్ఞానకుమారికి నా రాయబారం గొప్పగా చెప్పుకున్నాను. ఆమె మొత్తం విని, “ఆ మనిషి యాభై ఏళ్ళుగా కాపాడుకున్న మాటను మీరు ఒక ప్రింటవుట్‌తో కొన్నారన్నమాట,” అని వంటింట్లోకి పోయింది. అన్నం సహించలేదు. ఏం మనిషిని నేను అనిపించింది. ఐదేళ్ళు అని నోరారా చెప్పానే గానీ, ఆ నారి తగిలించాక ఏం జరుగుతుందో ఒక్కసారి కూడా తలుచుకోలేదు.

దసరా పొద్దున ఎనిమిదింటికే షాపుకు వచ్చాను. పండుగ రోజు సందంతా మూసి ఉంది, రుద్రమ్మ షట్టర్ ఒక్కటే తెరిచి ఉంది. చట్రం మీద దారం చుట్టి పురి పెడుతోంది. నేను గుమ్మంలో నిలబడి, మొహమాటపడుతూనే, వద్దులెండి రుద్రమ్మ గారు, నిన్న నేనన్న మాట మర్చిపోండి, ఆ నారి పేనొద్దు అన్నాను.

“గిది నవీనది సారూ,” అంది తలెత్తకుండా. నారి తీసి సంచిలో వేసుకుని, స్పానర్ నా చేతికిచ్చింది. “ఫికర్ చేసింది చాలు గానీ జర గా నట్లు ఇప్పు.”

గట్టింగ్ మెషీన్ బల్లకు నాలుగు నట్లతో బిగించి ఉంది. విప్పాను. ఎక్కడికండీ అని అడిగితే, నీ జిరాక్స్ పక్కన జాగ ఉన్నది కదా అంది. అడిగినట్టు లేదు, తెలిసిన సంగతి చెప్పినట్టుంది. నా చేతిలో స్పానర్ ఆగింది. చక్రపాణి గారు సంఘం ప్రెసిడెంటు. నా బోర్డు రోడ్డు మీదికి రెండడుగులు ముందుకుంది, ఆయన తలుచుకుంటే రేపే పీకిస్తారు. నా షాపు పది అడుగుల వెడల్పు. ఆదివారం నేను చర్చికి మూసేస్తాను, ఆమె బేరమంతా ఆదివారమే. ఇవన్నీ బుర్రలో తిరిగాయి. ఇద్దరం చెరోవైపు పట్టుకుని మెషీన్ ఎత్తి రోడ్డు దాటించాం. తర్వాత చట్రం, స్టూలు, నవీన విల్లు, విజయేందర్ ఫోటో. పేపర్ రీములన్నీ అటక మీదికి ఎక్కించి చోటు చేశాను. నాలుగో విడత తిరిగేసరికి నాకు చెమటలు పట్టాయి, మనసు మాత్రం తేలికపడింది.

పది గంటలకు చక్రపాణి గారు వచ్చారు. కొట్టు ఖాళీ. వదిలేసిన బల్ల మీద క్రాస్‌బో, పక్కన చుట్ట చుట్టిన తెగిన నారి, ఆమె సంతకం లేని అగ్రిమెంటు, దానిమీద షట్టర్ తాళంచెవి. ఆయన అవన్నీ చూసి ఇటు తిరిగారు. ఆమె నా షాపులో మెషీన్ తుడుస్తోంది.

“నారి ఏది?”

“పేనలే.”

ఆయన నావైపు తిరిగి, మీరు సుతనా సారూ అన్నారు. ముప్పై ఏళ్ళలో మొదటిసారి నా చేతులు నమస్కారానికి లేవలేదు. ఒక చేతిలో స్పానర్ ఉండడం కూడా కలిసొచ్చింది. “షాపు నాదండీ. ఆవిడ ఎన్నాళ్ళుంటే అన్నాళ్ళు,” అన్నాను. బోర్డు సంగతి రేపు చూసుకుందామనుకున్నాను.

ఆయన మళ్ళీ రుద్రమ్మ వైపు చూశారు. ఈసారి నవ్వలేదు. “గీ జిరాక్స్ మూలకు నిన్ను దేవులాడుకుంట ఎవరొస్తరక్కా?”

“నన్ను దేవులాడుకుంట పిల్లలొస్తరు బిడ్డా,” అంది రుద్రమ్మ. “నీ పందిని ఎవరు దేవులాడుతరో గది చెప్పు.”

ఆయన వెనక్కి తిరిగి, బల్ల మీది క్రాస్‌బో చంకన పెట్టుకుని, తాళంచెవి జేబులో వేసుకుని కారెక్కారు. నారి లేకుండా దానితో ఎవరూ దేన్నీ కొట్టలేరు. రేపటి పందికి అది చాలు.

రుద్రమ్మ కుంకుమ గిన్నె తీసి నా జిరాక్స్ మెషీన్‌కు బొట్టు పెట్టింది. నేను అటువైపు తిరిగి కాగితాలు సర్దుకున్నాను. తర్వాత ఆమె నవీన విల్లుకు కొత్త నారి ఎక్కించి, సరిగ్గా కూర్చుందో లేదో చూడాలని నా చేతికిచ్చింది. గుంజి పట్టి పేరు చెప్పు సారూ అంది.

లాగాను. జబ్బలు పీకాయి. నా పేరు చెప్పాను, మా నాన్న పేరు చెప్పాను. షాపు అడ్రసు దగ్గరికి వచ్చేసరికి, రుద్రమ్మ గట్టింగ్, అమీర్‌పేట అన్నాను. గొంతు వణకలేదు.